ఎర్ర గుర్తు పడిన స్పీకరు

బెంగుళూరు శివారు చందాపుర కూడలిలో బస్సు దిగి సంత వైపు నడిస్తే, టైర్ల కొట్టుకూ బేకరీకీ నడుమ ఇరుక్కున్న షట్టరు ఒకటి కనబడుతుంది. లోపల భజన మందిరాల స్పీకర్లు, ఆర్కెస్ట్రా వాళ్ళ స్పీకర్లు, ఆటోల వెనక బిగించే స్పీకర్లు నోళ్ళు తెరుచుకుని పడి ఉంటాయి. వాటి మధ్య కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని కూర్చునే మనిషి భాగీరథమ్మ. చిరిగిన కాగితపు కోన్ పీకి కొత్తది అతికించడం, కాలిపోయిన కాయిల్ విప్పి మళ్ళీ చుట్టడం ఆమె పని. ఆడమనిషి స్పీకర్లు బాగుచేసేదేంది అని నవ్విన వాళ్ళే వినాయక చవితికి ముందు ఆమె గుమ్మంలో వరస కట్టేవాళ్ళు.

ఆమెది హిందూపురం పక్క పల్లె. చిక్కమునియప్పను పెళ్ళాడి ఇక్కడికి వచ్చిన రెండో ఏడే, పంతొమ్మిదేళ్ళ వయసులో, అత్తిబెలె దారిలోని స్పీకర్ల ఫ్యాక్టరీలో చేరింది. పద్దెనిమిదేళ్ళ పాటు వెంట్రుకంత రాగితీగను కాగితపు గొట్టం మీద చుట్టింది. తీగ మీద తీగ ఎక్కకూడదు, మధ్యలో సందు పడకూడదు. ఆమె కాయిల్ వేసిన ప్రతి స్పీకరు వెనకా పదిహేడో నంబరు ముద్ర పడేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక చేతులు ఊరుకోక ఈ కొట్టు పెట్టుకుంది.

ఒక శనివారం పొద్దున ఆ కొట్టు ముందు పెద్ద కారు ఆగింది. దిగినాయన పేరు అమరనాథ్. మహదేవపురలో ఏదో కంపెనీలో పెద్ద ఉద్యోగం, బ్రూక్‌ఫీల్డ్‌లో కాపురం. వెనక సీట్లో రెండు చెక్క పెట్టెలకు ఉన్ని దుప్పటి కప్పి, సీటు బెల్టు కూడా పెట్టి తెచ్చాడు. అంత దూరమూ ఆయన మాత్రం బెల్టు పెట్టుకోలేదు.

"జాగ్రత్తమ్మా, వింటేజ్. ఎయిటీ ఎయిట్ పీస్. ఇప్పుడొచ్చేదంతా ప్లాస్టిక్ సౌండ్. దీంట్లో సోల్ ఉంది."

సోల్ అనేది ఏ భాగమో భాగీరథమ్మకు తెలియలేదు. స్క్రూలు విప్పి చూసింది. కోన్ చుట్టూ ఉన్న ఫోమ్ అంచు ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. వెనక్కి తిప్పింది. అయస్కాంతం మీద పదిహేడు. రెండో దాని మీదా పదిహేడే, కానీ దాని పక్కన ఎర్ర పెన్సిలు గుర్తు, ఎవరో బొటనవేలితో సగం తుడిచినట్టుగా ఉంది.

ఆమె ఆ గుర్తు మీద వేలు పెట్టి చూసింది.

"ఇవి నేను చేసినవే అప్పా," అంది.

"మీరా? మీ చేత్తోనా?" అమరనాథ్ కళ్ళు చెమ్మగిల్లాయి. వెంటనే ఫోన్ తీసి ఆమె వేళ్ళకు ఫోటో తీసుకున్నాడు.

"పూర్తిగా ఇను సార్. ఈ ఎర్ర గుర్తు ఉండాదే, ఇది రిజెక్టు. కాయిల్ వంకరగా చుట్టినాను. నాకు ఆ పొద్దు జ్వరం. నెలాఖరు, లారీ నిలబడుకోనుండాది. సూపర్‌వైజరు అశ్వత్థప్ప గుర్తు తుడిపేసి పెట్టెలో పెట్టించినాడు. నెలాఖరుకు అదే పని ఆయనకు. అందుకే గరగరమంటా ఉంటాది."

"అది గరగర కాదమ్మా," అమరనాథ్ ఆమెను చూసి జాలిగా నవ్వాడు. "దాన్ని టెక్స్చర్ అంటారు. మీరు ఫోమ్ ఒక్కటే మార్చండి. కాయిల్ ముట్టుకోవద్దు."

తను తప్పుగా చుట్టిన తీగను ముట్టుకోవద్దని తనకే చెప్పిన మొదటి మనిషి ఆయన. సరేనని ఫోమ్ ఒక్కటే మార్చింది. తీసుకుపోయే రోజు అమరనాథ్ ఆమెను ఆదివారం ఇంటికి పిలిచాడు. పాత స్పీకర్లంటే ప్రాణం పెట్టే స్నేహితులు కొందరు ప్రతి నెలా చేరి పాటలు వింటారట. భాగీరథమ్మ వెంటనే ఒప్పుకుంది. పద్దెనిమిదేళ్ళు స్పీకర్లు చేసిందే కానీ, తన చేతి స్పీకరు ఒక ఇంట్లో, సోఫా ముందు, పాట పాడుతుంటే ఆమె ఎన్నడూ వినలేదు.

బ్రూక్‌ఫీల్డ్ ఇంట్లో ఆ గదికి కిటికీలు కనబడలేదు. గోడలన్నీ స్పాంజి. ఎనిమిదిమంది కూర్చున్నారు. వాళ్ళలో రిటైరైన బ్యాంకు మేనేజరు హరి పెద్దరికం వహించాడు. చెవుల్లో గుబిలి లేదని ముందురోజే డాక్టరుకు చూపించుకుని వచ్చాడట. భరత్ అనే ఆయన అమరనాథ్‌తో కలిసి పనిచేస్తాడు, ఈ బృందంలో కాస్త కొంటెవాడు. ఆ రోజు ఒక పరీక్ష పెట్టాడు. తెర వెనక రెండు జతలు. ఒకటి అమరనాథ్ పాత జత, ఇంకొకటి భరత్ పోయిన నెల ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న కొత్త జత. ఒకే వయొలిన్ కచేరీని ముందు ఒక జతలో, తర్వాత ఇంకో జతలో వినిపిస్తాడు. పాతది ఏదో చెప్పాలి.

మొదటి జత మోగింది. హరి కళ్ళు మూసుకున్నాడు. "ఆహా, వయొలిన్ చెక్క వాసన కూడా వస్తోందయ్యా," అన్నాడు. పక్కాయనకు తన చిన్నప్పటి రేడియో, దాని ముందు కూర్చునే తాత గుర్తొచ్చారు. ఇంకొకాయన కళ్ళు తుడుచుకున్నాడు. రెండో జత మోగితే వింటున్న స్నేహితులంతా ముఖాలు చిట్లించారు. "చైనా," అన్నాడు హరి, ఒక్క మాటలో తేల్చేస్తూ.

చివరికి భాగీరథమ్మను అడిగారు.

"రెండోది నాది," అంది. "ఎడమ పక్క పెట్టె. కింది స్వరం వచ్చినప్పుడల్లా తీగ ఒరుసుకుంటా ఉండాది. మొదటిది శుద్ధంగా ఉండాది, ఎవురు చేసినారో గానీ."

భరత్ తెర లాగాడు. మొదటిది కొత్త జత.

గదిలో ఒక్కసారిగా అందరి గొంతులూ లేచాయి. తెర పాలిస్టరుది, పాత శబ్దాన్ని అది మింగేస్తుంది అన్నాడొకాయన. అపార్ట్‌మెంటు జనరేటరు మీద ఉంది, డీజిలు కరెంటుకు పాత స్పీకరు పలకదు అన్నాడు ఇంకొకాయన. అమరనాథ్ తన స్పీకర్లకు కొత్త మనుషులంటే బెరుకని చెప్పాడు. హరి మాత్రం భాగీరథమ్మ వైపు తిరిగాడు.

"తప్పుగా అనుకోకండమ్మా. ఫ్యాక్టరీలో పనిచేసిన వాళ్ళకు తప్పులు వెతికే చెవి ఉంటుంది. సంగీతం వినే చెవి వేరు."

ఆమెకు కాఫీ చేదెక్కింది. గ్లాసు కింద పెట్టింది.

"చెవి మాట ఎత్తినావు కాబట్టి చెప్తా, సార్. మా దగ్గర మార్త అని ఉండె. చెక్క గదిలో ఒక్కతే కూర్చోనుండె. స్పీకరులో సైరను మాదిరి కూత పెడతారు, సన్నం నుంచి లావుకు, లావు నుంచి సన్నానికి. పొద్దున నుంచి సాయంత్రం దాకా అదే. యాడ గరగర వినపడినా ఎర్ర గుర్తు ఏస్తాది. ఆయమ్మ తప్పు చెప్పిందంటే తప్పే. నేను చుట్టినవి బాగుండాయంటే ఆయమ్మ పుణ్యమే. పదకొండేండ్లు చేసినాది. కుడి చెవి పూర్తిగా పోయె. ఎడమ చెవిలో ఇప్పటికీ ఆ కూత ఆగలేదంట. ఫ్యాక్టరీ వాళ్ళు ఒక గోడ గడియారం ఇచ్చి పంపినారు."

ఇంతమందిలో ఒకరికైనా తగిలి ఉంటుంది అనుకుంది భాగీరథమ్మ. అప్పుడు హరి ముందుకు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ మార్తగారు టెస్టు చేసిన పీసులు ఇంకా ఎక్కడైనా దొరుకుతాయా అమ్మా?"

బయలుదేరే ముందు అమరనాథ్ నల్ల మార్కరు తెచ్చి, పెట్టె వెనక సంతకం పెట్టమన్నాడు. ఆమె కాదనలేదు. కళ్ళద్దాలు సర్దుకుని, బడిలో నేర్చిన గుండ్రటి అక్షరాలతో రాసింది: "ఇది రిజెక్టు సరుకు. రిపేరు చేయిస్తే బాగా పాడుతుంది. భాగీరథమ్మ, 17." అమరనాథ్‌కు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అక్షరాలు చాలా అందంగా ఉన్నాయన్నాడు.

ఫోటో వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళింది. సాయంత్రానికల్లా ఒకాయన ఫోన్‌తో తర్జుమా చేసి అసలు సంగతి బయటపెట్టాడు. దాంతో అమరనాథ్ పరువు పోతుందనుకుంటే, రిజెక్టు పీసు ఎంత అపురూపమో అని గ్రూపంతా ఊగిపోయింది. తిరస్కారానికి గురైనా బతికి బయటపడిన శబ్దమని హరి ఒక పేజీ రాశాడు. మరుసటి వారం నుంచి చందాపురలో కార్లు ఆగసాగాయి. కోరమంగల నుంచి ఒకాయన, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఇద్దరు.

"అమ్మా, మీ దగ్గర రిజెక్టులు ఉన్నాయా?"

ఒకాయన మంచి స్పీకరే తెచ్చి, దాని మీద ఎర్ర గుర్తు ఒకటి వెయ్యమని బతిమాలాడు. "అది మార్త ఎయ్యల్ల. ఆయమ్మ ఇనకుండా నేను ఎయ్యను," అని పంపేసింది. చిక్కమునియప్ప నెత్తి కొట్టుకున్నాడు. "మంచివి చేసినన్నాళ్ళూ ఒగరూ నీ పేరు అడగలా గదే," అన్నాడు.

నెల తిరిగాక, ఒక బుధవారం మధ్యాహ్నం, అమరనాథ్ ఒంటరిగా వచ్చాడు. ఎర్ర గుర్తు పెట్టె ఒక్కటే తెచ్చాడు. టేబుల్ మీద పెట్టి చుట్టూ చూశాడు.

"అరగంట వింటే తల నొప్పి వస్తోందమ్మా. ఆ టెక్స్చరు... కాస్త ఎక్కువైంది. మీరు ఆ కాయిల్ చూస్తారా? గుర్తు మాత్రం చెరపొద్దు. ఇంకా, ఎవరికీ..."

"ఎవురికి చెప్తానప్పా, నువ్వు కూర్చో."

ఆమె పాత కోన్ తడిపి, మెల్లగా లేపి, తన పాత తీగను బయటకు తీసింది. మూడో వరసలో తీగ మీద తీగ ఎక్కి ఉంది. జ్వరంతో చుట్టిన పిల్ల ఆమెకు గుర్తుకొచ్చి, లోపల ఎక్కడో కొంచెం సిగ్గనిపించింది. ఆ తీగంతా విప్పి పారేసి కొత్తది చుట్టింది. జిగురు ఆరాక ఫోన్ తగిలించి పాట పెట్టింది. బయట హోసూరు బస్సుల హారన్లు మోగుతున్నా, లోపల గొంతు తేటగా, ఎక్కడా ఒరుసుకోకుండా వచ్చింది. అమరనాథ్ పాట అయిపోయేదాకా విన్నాడు. భాగీరథమ్మ కూడా పనిముట్లు కింద పెట్టి కూర్చుని వింది.

తర్వాతి సమావేశంలో జరిగింది భరత్ ఒకరోజు దారిన పోతూ ఆగి చెప్పాడు. పెట్టె మోగగానే అందరూ నిటారుగా కూర్చున్నారట. అమరనాథ్ గంభీరంగా, పాత స్పీకర్లు అంతే, ముప్పై ఏడేళ్ళకు బిగువు సడలి ఇప్పుడు గొంతు విప్పింది అన్నాడట. కొత్తవాటికి ఈ జన్మలో ఆ భాగ్యం లేదని హరి తీర్మానించాడట.

"వెనక తీగ అతికిన టాంకా కొత్త రూపాయిలా మెరుస్తోందమ్మా," అన్నాడు భరత్. "నేను చూసి కూడా నోరెత్తలేదు."

భాగీరథమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, పక్క బేకరీ వాళ్ళు తొంగిచూసేదాకా నవ్వింది.