పొరుగు దేశమే ముందు కాల్చాలి

ఒక దేశం పొరుగు దేశం మీదికి దండెత్తడానికి తగిన కారణం కనిపెట్టేందుకు, ఫిల్మ్‌నగర్‌లోని ఒక సినిమా ఆఫీసులో, కథ రాసే మాకు పదకొండు సిట్టింగులు పట్టాయి. నా డైరీ ప్రకారం ఏడు మంగళవారాలు, నాలుగు శుక్రవారాలు. నిజం దేశాలకు ఇంత సమయం పట్టదని పేపరు చదివేవారికి తెలుసు. ఆ దేశాలకు టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడి భయం ఉండదు.

మా కథానాయకుడు సైన్యాధిపతి. అతడు సరిహద్దు దాటక తప్పదు, ఎందుకంటే అవతలి రాజధాని సెట్టు అప్పటికే వేసేశారు. చిక్కల్లా మన పరిశ్రమ పాత నియమంతోనే: హీరో ముందుగా చెయ్యి ఎత్తకూడదు. ఎదుటివాడు ఒక దెబ్బ వేస్తేగాని మన దెబ్బ న్యాయమనిపించుకోదు.

మొదట సరిహద్దు భద్రత అన్నాం. తరువాత అక్కడ మనవాళ్లు బాధలు పడుతున్నారన్నాం. మూడో వారంలో మరో హీరో అతిథి పాత్రకు ఒప్పుకోవడంతో మాకొక మిత్రదేశం కూడా ఏర్పడింది. ఆయన కాల్షీట్లు రెండు రోజులే కనుక ఆ సైనిక కూటమి సరిగ్గా రెండు రోజులు నిలిచింది.

నా మొదటి ప్రతిలో, పొరుగు దేశపు కాపలావాడు కంచె దగ్గర నిలబడి మూడు మాటలు అడుగుతాడు: "మేమేం చేశాం? ఎందుకొచ్చారు?" ఆ వేషం కృష్ణానగర్‌లో ఉండే ఒక జూనియర్ ఆర్టిస్టుది. ఇరవై రెండేళ్లుగా గుంపుల్లో నిలబడ్డాడే తప్ప తెరమీద ఒక్క మాట పలకలేదు. ఆ మూడు మాటలనూ ఆఫీసు మెట్ల మీద రోజూ నాకు అప్పజెప్పేవాడు.

దర్శకుడికి అవి నచ్చలేదు.

"వాడు అడిగితే మనవాడు జవాబు చెప్పాలి కదండీ. ఉందా మీ దగ్గర?"

లేదని ఒప్పుకున్నాను.

"అయితే ప్రశ్న తీసెయ్యండి. వాడి చేతే ముందు కాల్పించండి. గొడవ వదిలిపోతుంది."

ఆ సంగతి జూనియర్ ఆర్టిస్టుకు చెప్పే పని నా మీద పడింది.

"కాలుస్తా సార్, గదేం పెద్ద పని? కాల్చినంక నా డైలాగ్ చెప్తా."

"ముందు కాల్చినవాడు 'మేమేం చేశాం' అని ఎలా అడుగుతాడయ్యా?"

"గదీ నిజమే. మరి కాల్చకుంటే?"

"హీరో లోపలికి రాలేడు."

"రాకుంటే మాకేం నష్టం సార్?" అన్నాడు, పొరుగు దేశం తరఫున.

ఒక బుధవారం అతడు ఐదు టేకుల్లో ఐదుసార్లు కాల్చాడు. నిడివి ఎక్కువైందని ఎడిటింగ్‌లో ఆ తొమ్మిది సెకన్లూ తీసేశారు. బదులుగా, యుద్ధానికి ముందు ఒక గంభీరమైన గొంతు వినిపిస్తే చాలన్నారు. నేనే రాశాను: "తొలి తూటా వాళ్లదే."

ప్రివ్యూకు అతడు భార్యను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆ వాక్యం వినిపించగానే హాలంతా చప్పట్లు కొట్టింది. విరామంలో ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు.

"నేను కాల్చింది తీసేసిన్రు కదా సార్. మరి ఎవరు కాల్చిన్రు?"

నిడివి గురించి వివరించాను. అతడు శ్రద్ధగా విన్నాడు. ఆమెకు అది పట్టలేదు.

"ఈయన మాట ఎప్పుడొస్తది సార్?" అని అడిగింది.

మాట పోయిన సంగతి అతడు ఇంట్లో చెప్పలేదని నాకు అప్పుడు అర్థమైంది.

నా ముఖం వంక చూడకుండా, "సెకండాఫ్‌ల వస్తది, పా" అంటూ ఆమెను లోపలికి తీసుకువెళ్లాడు.

సెకండాఫ్ రాసింది నేనే. అందులో పొరుగు దేశపు మనిషి ఒక్కడూ ప్రాణాలతో కనబడడు.