లాల్ బీ ఊట

మా వీధి చివర, గుట్ట కింద ఉండే లాల్ బీకి నీళ్ల బండి ఇంటి ముందే ఆగుతుంది. అయినా ఆమె చూపంతా గుట్ట మీదే. పైన పెద్ద బండ పగులులోంచి ఒకప్పుడు ఊట కారేది. కింద ఉన్న రాతిగుంటలో చుక్క చుక్కా పడేది, ఆ చప్పుడు వింటూ ఆమె పక్కనే కూర్చునేది. ఏటా ఊట మొదలైన రోజు మొదటి బిందె దర్గాకు పంపడం వాళ్లమ్మ నాటి నుంచీ అలవాటు.

నా చదువు ఐదో తరగతితో ఆగింది గానీ అడగడం ఆగలేదు.

"వాన పడేది శ్రావణంలో. నీ ఊట కారేది దసరాకు. నడుమ ఆ నీళ్లు యాడుంటాయి లాల్ బీ?" అన్నాను ఒకసారి.

"ముందు మన్ను తాగాల గదక్కా. దాని కడుపు నిండినాక బండ సందుల్లోకి దిగుతాది. బండకు చాలినాకే మనకు."

ఆమె భర్త పీర్ బాషాది బావుల్లో బండలకు మందు తూటాలు పెట్టి పగలగొట్టే పని. ఒక ఎండాకాలం ఊట సన్నబడింది. పగులు పెద్దదైతే నీళ్లు బాగా వస్తాయని, బావుల్లో చేసినట్టే, భార్యకు చెప్పకుండా ఒక తూటా పెట్టాడు. పగులు పెద్దదైంది, నిజమే. అయితే లోపలికీ చీలింది. ఊట అటే దిగిపోయింది.

అప్పటి నుంచీ చెరువు నల్లమట్టి మోసుకెళ్లి ఆ చీలికలో కూరుతూనే ఉన్నాడు.

"కొండకు కట్టు కడతాండాడు మా డాక్టరు," అంటుంది లాల్ బీ.

"నవ్వు, నవ్వు. రేపు ఊట వస్తే నీకు సుక్క ఇయ్యను!" అంటాడు పీర్ బాషా.

ఈ ఏడు వానలు బాగా పడ్డాయి. దసరా వచ్చింది. లాల్ బీ రోజూ బిందె తోముకుని పైకెళ్లేది. బండకు చెవి ఆనించేది. ఖాళీ బిందెతో దిగి వస్తుంటే నేను ఊరుకుంటానా, దారిలోనే ఆపేదాన్ని.

"ఏమన్నా వినపడిందా?"

"లోపల ఉండాదక్కా. బయటికి రానంటాంది."

ఒక పొద్దున, గుట్ట దిగువన కొర్ర చేనున్న మారెన్న కేకేశాడు.

"లాల్ బీ, మా గట్టు కింద నీళ్లు ఊరతాండాయి. నీదేమో సూడు!"

నేనూ వెంట పరిగెత్తాను. లాల్ బీ బురదలో గుంట తీసి, నీళ్లు తేటపడేదాకా కూర్చుంది. దోసిలి పట్టి తాగి, కళ్లు మూసుకుంది.

"మాదే," అంది.

"మరి ఆ మొగమేంది? నీకు కావాల్సినన్ని తీసుకుపో. చేను నాదైతే నీళ్లు నావా?"

"నీళ్లు దొరికినాయి మారెన్నా. సప్పుడే పోయింది."

నేను వంగి చెవి పెట్టి చూశాను. నిజమే, మట్టిలోంచి నీళ్లు ఊరుతున్న అలికిడి కూడా లేదు.

మొదటి బిందె దర్గాకు చేరింది. రెండో బిందె పీర్ బాషా భుజాన పెట్టుకుని గుట్టెక్కాడు. బండ పక్కన కూర్చుని, చెంబు వంచి, ఎండిన రాతిగుంటలోకి చుక్క చుక్కా వదిలాడు.

"ఇదో, విను."

లాల్ బీ మోకాళ్ల మీద గడ్డం ఆనించి చాలాసేపు విన్నది.

"ఇట్ల కాదులే," అంది మెల్లగా. "దానికి ఇంత తొందర ఉండేది కాదు."