అరచేతిలో టెంకాయ

బెళుగుప్ప దగ్గర మా ఊళ్లో ఎర్రప్పకు చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉండేది. చంటిబిడ్డలా సాకాడు. గట్టుకు అవతల శ్రీరంగప్ప తోట. ఒకరు బోరు దించితే రెండోవారిది ఎండేది. వెంటనే ఆయన ఇంకా లోతుకు దించేవాడు.

పోయిన ఎండాకాలం పెద్దమనుషులు ఇద్దరినీ కూర్చోబెట్టారు. ఇక ఎవరూ కొత్త బోరు వేయకూడదు, ఉన్న నీళ్లతోనే చెట్లు బతికించుకోవాలి. ఇద్దరూ సరేనన్నారు. మాట నిలిస్తే సగం చెట్లయినా దక్కేవి.

కొన్నాళ్లకు ఒక పొద్దున శ్రీరంగప్ప అరచేతిలో టెంకాయతో తన తోటలో మెల్లగా నడుస్తూ కనిపించాడు. మా వైపు బోరుకు చోటు చూసేవాడు అలాగే నడుస్తాడు. నీళ్లున్న చోట టెంకాయ లేచి నిలబడుతుందని నమ్మకం.

"చూసినావాప్పా? మాటిచ్చి బోరుకు పాయింటు చూస్తాండాడు!" అన్నాడు ఎర్రప్ప నాతో.

"పోయి అడుగు మామా."

"అడిగితే లేదంటాడు. నేనైనా అదే అంటా. నువ్వు పేపర్లు తెగ చదువుతావు గదా, దేశాలోళ్లు అణుబాంబులు ఎందుకు చేసుకుంటారు?"

"పక్కోడు చేసుకుంటాడేమోనని."

"మరి? వాళ్లేమన్నా ఎర్రోళ్లా?"

మరునాడే ఎర్రప్ప తోటలోకి బోరు లారీ వచ్చింది. ఊరంతా తెల్లదుమ్ము. వెయ్యడుగులు దాటాక తడి తగిలింది, అంతే.

శ్రీరంగప్ప పరిగెత్తుకొచ్చాడు. "ఏం ఎర్రప్పా, మాట ఏమాయ?"

"నువ్వు టెంకాయ పట్టుకోని తిరిగినప్పుడే పాయ."

"మా నాయన సమాధికాడ కొట్టేకి పోతాంటిరా! ఇంకో చేతిలో పాలచెంబు. ఒలుకుతాయని మెల్లగా నడిస్తి."

తోట మూలన సమాధి మీద టెంకాయ చిప్పలున్నాయి. పాలు పోసిన చోట చీమలు పట్టాయి.

శ్రీరంగప్ప లారీ వైపు తిరిగాడు. "అన్నా, ఈడ అయినంక నా తోటలోకి రా."

"మామకు తప్పు తెలిసిపోయింది గదా, మళ్లీ ఎందుకు?" అన్నాను.

"తెలిసింది సరే. ఆ గుంత పూడుస్తాడా?"

పూడ్చలేదు. శ్రీరంగప్పకు దుమ్మే వచ్చింది, ఎర్రప్పకు ఆ తడీ పోయింది. చీనీ చెట్లు కొట్టి కట్టెలకు అమ్ముకున్నారు. ఇప్పుడిద్దరూ ఒకే ఆటోలో కణేకల్ కాలువ కింద కూలికి పోతారు.

మొన్న టీ అంగట్లో టీవీ ఆడుతోంది. ఏదో దేశం కరెంటు కోసమేనంటూ చాటుగా బాంబు చేస్తోందట, పక్కదేశమూ మొదలుపెట్టిందట.

"కరెంటుకేనేమో," అన్నాడు ఎర్రప్ప. "ఎవరన్నా దగ్గరికి పోయి చూసినారా?"

అంగట్లో అందరూ నవ్వారు. శ్రీరంగప్ప గ్లాసు కింద పెట్టి బయటికి పోయాడు.