అడ్డంగా వేసిన ఉసిరికొమ్మ

మా నాయన ఆ రోజు దారికి అడ్డంగా కొమ్మ వేశాడు. వేయలేదనే మా బంధువులంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఎనభైలలో ఒక కార్తీకమాసం. వనభోజనాలకని వైరా నుంచి ఇంటిల్లిపాదీ బూర్గంపాడు అవతలి అడవికి వెళ్లాం. అక్కడ గుట్టల నడుమ ఒక జలపాతం ఉందని నాయన ఎప్పుడూ చెప్పేవాడు. అది చూడాలని నానమ్మకు కోరిక. మోకాళ్ల నొప్పులున్నా, ఈ ఏడు కాకపోతే ఇక నడవలేనని బయలుదేరింది.

వెదురు కోసం ఆ అడవికి పోయి వచ్చే నాయనకు అక్కడివాళ్ల పద్ధతి తెలుసు. దారి రెండుగా చీలినచోట, పోకూడని దారికి అడ్డంగా ముందు నడిచేవాళ్లు పచ్చికొమ్మ వేస్తారు. వెనకవాళ్లు అది చూసి రెండో దారి పడతారు. ఆ సంగతి అమ్మకు, మేనత్తకు చెప్పి, వంటసామాను మోసే మగవాళ్లతో నాయన ముందు వెళ్లాడు. నానమ్మను నడిపించుకుంటూ అమ్మ, మేనత్త వెనక వస్తున్నారు. అప్పుడు ఇంటర్ చదువుతున్న నేను ఎవరితోనూ కలవకుండా మధ్యలో నడుస్తున్నాను.

చీలిక దగ్గర ఉసిరికొమ్మ ఒకటి పడి ఉంది, నిండా కాయలతో. ఎవరో విరిచి పారేశారనుకున్నాను. కాయలు తెంపి జేబులో నింపుకుని, కొమ్మను పొదల్లోకి విసిరేసి, నాయనవాళ్ల మాటలు వినబడే వైపు నడిచాను.

జలపాతం దగ్గర అన్నం ఉడికింది, చల్లారింది. వెనకవాళ్లు రాలేదు. వెతుక్కుంటూ పోతే తప్పుదారిలో, ఒక వాగు ఒడ్డున కనబడ్డారు. నానమ్మ బండమీద కూర్చుని మోకాళ్లు పట్టుకుని ఉంది. ఇక ఒక్క అడుగూ వేయలేనంది. పొద్దు వాలుతోంది. నాయన ఆమెను వీపున మోసుకుని రోడ్డు దాకా తీసుకొచ్చాడు.

నాయనకు అక్క అయిన మా మేనత్త దారి పొడుగునా దెప్పుతూనే ఉంది.

"అమ్మను అడివిల ఇడిసిపెట్టి పోతివి తమ్మీ. కొమ్మ ఏసుడు గూడ రాదా నీకు?"

"ఏసిన అక్కా. ఉసిరికొమ్మ. నా చేతులతోని ఏసిన."

"ఏస్తే ఏది మరి? కోతులు ఎత్కపోయినయా?"

అందరూ నవ్వారు. నా చేయి జేబులో కాయల మీద ఉంది. అప్పుడే నాకు అర్థమైంది.

నానమ్మ ఆ జలపాతం చూడకుండానే పోయింది. ఇంట్లో ఎవరు ఏ పని చేశానన్నా, నమ్మకం లేకపోతే 'కొమ్మ వేసినట్టే' అనడం అలవాటైంది. మొదట్లో నాయన వాదించేవాడు. తర్వాత మానేశాడు. ఆయన పోయినా ఆ మాట పోలేదు.

ఈమధ్య మేనత్తకు నిజం చెప్పాను. "వాడు ఉన్నప్పుడు చెప్పకపోతివిరా" అంది.

ఆయన ఉన్నప్పుడు చెప్పే అవకాశం లేక కాదు. ఆ ప్రయాణం తర్వాత నాయనకు ఒక అలవాటు పట్టుకుంది. ఇంటికి తాళం వేసినా, పొలంలో మోటారు ఆపినా, ఎవరో ఒకరిని సాక్ష్యానికి పిలిచేవాడు. ఎక్కువగా నన్నే. తాళం గట్టిగా గుంజి నా వైపు తిరిగి, "చూసినవ్ గద?" అనేవాడు.

"అవ్ నాయనా, చూసిన" అనేవాణ్ణి.