కళ్లు మూసుకుని నడిపిన బడి

కళ్లు మూసుకుని బడి నడిపేస్తానని గొప్పలు చెప్పుకునే వయసు నాకూ ఒకటుండేది. ఒకరోజు నిజంగానే నడిపాను. ఆ రోజు మా బడి మునిగిపోవలసిందే. ఎలా తేలిందో చెబుతాను, నవ్వుకోండి. కానీ మా పైఅధికారులకు మాత్రం చెప్పకండి.

అప్పుడు నేను కురవి దగ్గర ఒక చిన్న ప్రాథమిక పాఠశాలకు కొత్త ఇన్‌చార్జి హెచ్‌ఎంను. పిల్లల్లో సగంమంది వాగు అవతలి తండా నుంచి నడిచి వచ్చేవాళ్లు. ఆ ఏడు ప్రైవేటు బడి పసుపు బస్సు తండా ముంగిటికే రావడం మొదలైంది. ఈ పిల్లలు దాన్నెక్కితే మా బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తారని పైనుంచి మాట వచ్చింది.

సరిగ్గా అప్పుడే నన్ను జనగామలో నాయకత్వ శిక్షణకు పంపారు. శిక్షకుడు జోలపాట లాంటి గొంతుతో, కళ్లు మూసుకుని మీ బడి ఎలా ఉండాలో కలగనండి అన్నాడు. దాన్ని విజన్ అంటారట. నేను కన్నాను. కారని పైకప్పు, గోడ పొడవునా పుస్తకాలు, కిటికీలోంచి తొంగిచూసే బంతిపూలు. తిరుగు రైల్లో కూడా అదే కల. వెనక్కి పోతున్న చెరువులు, పత్తిచేలు, మబ్బులు అన్నీ మా బడి ఆవరణలోవే అనిపించాయి. ఆ మైకంలో దిగాల్సిన మహబూబాబాద్ దాటిపోయి డోర్నకల్‌లో తేలాను. బుద్ధి ఉన్నవాళ్లకైతే ఆ హెచ్చరిక చాలు.

మర్నాడు మధ్యాహ్నానికి తండా తల్లులను పిలిపించాను. పిల్లల చేత వాళ్ల కలలు చెప్పిస్తే తల్లులు కరిగిపోతారని నా పథకం. ఉన్న ఒక్క తోటి టీచరు ఆ రోజు సర్వే పనికి పోయింది. అన్నం, పప్పు, గుడ్డు తిన్న పిల్లలందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాను. బయట సన్నగా వాన.

వంట చేసే ఎల్లమ్మక్క గుమ్మంలోంచి చూసి, "బువ్వ తిన్నంక కండ్లు మూస్కోమంటే ఎట్ల మేడం? జర పాటన్న పాడియ్యరాదు?" అంది.

"గిది నిద్ర కాదక్కా, విజన్" అన్నాను.

"గట్లనా" అని ఆమె గిన్నెలు కడగడానికి పోయింది.

పిల్లలకు దారి చూపాలి కదా అని నేనూ కళ్లు మూసుకున్నాను. యథా మేడం, తథా పిల్లలు. వాన చప్పుడు దగ్గరికొచ్చి, మెల్లగా దూరమైంది. మా బడి పడవలా వాగులోకి జారింది. బంతిపూలు అటూ ఇటూ ఊగుతున్నాయి. ఒడ్డున తడిసిన గొడుగులతో తల్లులు నిలబడి ఉన్నారు. ఎంత చక్కటి కల అనుకుంటూ వాళ్లకు చెయ్యి కూడా ఊపాను.

వాళ్లు కలలో లేరు. గుమ్మంలో ఉన్నారు.

పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడి హాయిగా నిద్రపోతున్నారు. రెండో తరగతి శిరీష వాళ్లమ్మ కమిలి నెమ్మదిగా అంది: "పండుకోనీకైతే మా ఇండ్లనే పండుకుంటరు గద మేడం."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా హెచ్‌ఎంను కదా. "పండుకోలే అక్కా, బడి గురించి కలగంటున్నరు" అన్నాను.

"అయితే ఏం కన్నరో చెప్పమనుండ్రి."

శిరీషను లేపాను. అది సగం కన్ను తెరిచి, "తండాకు బస్సు అచ్చింది" అంది.

"సూసిన్రా, దానికి కలల గూడ బస్సే" అంది కమిలి. ఇక బడి పోయినట్టే అనుకున్నాను.

శిరీష తీరిగ్గా ఆవులించింది. "మన బడి బస్సే అమ్మా. మేడమే నడుపుతున్నది."

బస్సు లేదు, బాట లేదు, డ్రైవరు పేరు మేడం. నాకు సైకిలు కూడా రాదు. తల్లులు మాత్రం నవ్వలేదు. కమిలి కూతురి చెదిరిన జడ సరిచేస్తూ అంది:

"బస్సు మీద మోజు కాదు మేడం. వాగు దాటేటప్పుడు పోరలెంబడి పెద్దోళ్లు ఉండరు. గదే నా భయం. మా మరిదికి ఆటో ఉన్నది. పొద్దుగాల మీరు తండాకొచ్చి ఆటోల పిల్లలతోని కూసుంటే, నా బిడ్డను గీడికే పంపుత. తక్కినోళ్లు గూడ పంపుతరు."

అప్పుడు నేను తల ఊపానో, నిద్రమత్తులో తూగానో ఇప్పటికీ చెప్పలేను. వాళ్లు ఒప్పుకున్నట్టే లెక్కగట్టారు.

బడి నిలిచింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఒడిలో ఇద్దరు పిల్లలు, మెడ చుట్టూ నాలుగు సంచులు, నోట్లో ఎవరిదో జడ రిబ్బనుతో ఆటోలో వాగు దాటుతున్నాను. నా నాయకత్వం మొత్తం ఇదే. చెప్పొద్దూ, నాకిది చాలా ఇష్టం.

అయినా మా కురవి వీరభద్రస్వామి మీద ఒట్టు, ఇక జన్మలో భోజనం తర్వాత ఎవరినీ కళ్లు మూసుకోమనను, కలగనమని అసలే అనను. మొన్న ఆటోలో శిరీష నా భుజం మీద కునుకు తీసి లేచి, "మేడం, ఈసారి రైలు అచ్చింది" అంది.

నడిపేదెవరో నేను అడగలేదు.