పికోలో మామ

మా పెండ్లి బ్యాండుల మామ ఒక్కడే పికోలో ఊదెటోడు. మనిషి ఏనుగంత, చేతుల మూరెడు కూడా లేని పిల్లనగ్రోవి.

"పెద్ద బాజా పట్టుకోరాదే మామా?" అని నేనడిగితే, "చిన్నదాని కూతే దూరం పోతదిర అల్లుడా" అనేటోడు.

ఒకసారి మందమర్రి బజార్ల రెండు బారాతులు ఎదురైనయి. గా సందట్ల మా పెండ్లికొడుకు తండ్రి ఎగురుకుంట అవతలి బారాత్ ఎంట పోయిండు. డోళ్ల మోతల మేమెంత పిలిచినా ఆయనకు ఇనవడలే. మామ ఓ దుకాణం మెట్లెక్కి, చెంపలు ఉబ్బించి పికోలో ఊదిండు. పెద్దమనిషి ఠక్కున ఆగి, చెవులు మూసుకొని మా దిక్కు మర్లిండు.

"మన బారాత్‌ను ఎట్ల గుర్తువట్టినవ్ బాపు?" అని పెండ్లికొడుకు అడిగిండు.

"పొద్దటి సంది నా చెవులల్ల పొడుస్తున్నది గీ పిల్లనగ్రోవే గదరా."

మామ గది మెచ్చుకోలు అనుకున్నడు. టోపీ తీసి, వంగి దండం పెట్టిండు.