రెండు రకాల పొయ్యి

ఆ రోజుల్లో గ్యాసు కోసం పేరు రాయించుకుని ఏళ్లకేళ్లు ఎదురుచూసేవాళ్లం. కనెక్షన్ వచ్చిందంటే ఇంట్లో ఎవరికో ఉద్యోగం వచ్చినంత సంబరం. పుంగనూరులో మా అత్తగారింటికి అది వచ్చేనాటికి నేను కొత్త కోడలిని, అంతకంటే కొత్త టీచరమ్మని. పైగా కుప్పం పిల్లని. పుంగనూరుకు రైలు లేదు, మాకుంది అన్న గీర కొంచెం ఉండేది. (కొంచెమేనా అని మా ఆయన ఇప్పటికీ అడుగుతారు.)

పొయ్యి కొనుక్కు రమ్మని మా అత్తనూ నన్నూ మదనపల్లె బస్సెక్కించారాయన. అంగట్లో చివరికి రెండు పొయ్యిలు తేలాయి. ఒకటి ఉత్త గ్యాసుది. రెండోదానికి గ్యాసు మంటల పక్కనే కరెంటు ప్లేటు కూడా ఉంది. "గ్యాసయిపోతే కరెంటు, కరెంటు పోతే గ్యాసు. పస్తుండే పనే లేదమ్మా," అన్నాడు అంగడాయన. నేను ఆ మాటకే పడిపోయాను. మా అత్త మాత్రం వంగి ఆ పొయ్యిని పట్టుకుని ఊపి చూసింది. "ఏమప్పా, దీని మీంద సంగటి గెలికితే కదలకుండా నిలస్తాదా?" అంది. ఆయనకు అర్థం కాలేదేమోనని, తెడ్డు పట్టుకున్నట్టే రెండు చేతులూ తిప్పి చూపించింది కూడా. అంగట్లో వాళ్లంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. "ఊరుకో అత్తా, అందరూ సూస్తాండారు," అని గొణిగి, రెండు రకాలదే కట్టించాను. తిరుగు బస్సులో ఆ పొయ్యి పెట్టెను ఆమే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆ ఆదివారం మా నాన్న కుప్పం నుంచి వచ్చారు. సంగటి నేనే చేస్తానని ప్రకటించి, కరెంటు ప్లేటు మీద ఎసరు పెట్టి నూకలు వేశాను. అవి సగం ఉడికేసరికి కరెంటు పోయింది. దీనికోసమే కదా కొన్నది అనుకుంటూ గర్వంగా గిన్నెను గ్యాసు మీదికి మార్చాను. నూకలుడికాక రాగిపిండి పోసి, బలమంతా పెట్టి గెలికాను. పిండి బిగిసేకొద్దీ తెడ్డుతో గిన్నె తిరిగింది, గిన్నెతో పొయ్యి కదిలింది, పొయ్యి వెంట నేనూ వంటగట్టు పొడవునా నడిచాను. (కాసేపటి వరకు అది నాకు తెలియనే లేదు.)

"అయ్యో, పడిపోతాండాదే!" అంటూ మా అత్త పరుగెత్తుకొచ్చి గ్యాసు ఆపేసింది. గిన్నెను గుడ్డతో పట్టి నేలకు దించి, గోనెపట్టా చుట్టి, రెండు పాదాల మధ్య అదిమిపెట్టి, నాలుగు తిప్పుల్లో ముద్ద చేసేసింది. ఇప్పుడు అంటుంది, ఇప్పుడు అంటుంది అని తల వంచుకుని నిలబడ్డాను.

"చెయ్యి కాల్లేదు కదమ్మా? యాల ఏడస్తాండావు? మీ నాయనకు నువ్వే చేసినావని చెప్తాలే," అంది.

అన్నట్టే చెప్పింది. నాన్న ఇంకో ముద్ద అడిగి వేయించుకుని, "మా పాపకు పనొచ్చేసింది," అని మురిసిపోయారు. ఆ తర్వాత కూడా నాన్నకు నేను నిజం చెప్పలేదు.

అంగట్లో ఆమె చెయ్యి పట్టుకుని, "నీకేది కావాలత్తా?" అని ఒక్క మాట అడగాల్సింది పోయి, "ఊరుకో అత్తా" అన్న ఆ పిల్ల ఇప్పుడు గుర్తొస్తే కోపం రాదు, నవ్వే వస్తుంది. పాపం, దానికప్పటికి చదువు తప్ప ఇంకేమీ రాదు.